తల ఊపకూడని గది

నేను పరీక్ష పెట్టిన ఒక తొమ్మిదేళ్ళ పాపను, నెగ్గకూడని పరీక్షలో నేనే నెగ్గించాను. కావాలని చేయలేదు. కావాలని చేసి ఉంటే ఒక దండం పెట్టి ఒప్పుకుని ఊరుకునేదాన్ని, ఇంత రాసేదాన్ని కాదు.

ముందు నా సంగతి చెప్పాలి. హోసూరు పక్కన మూకండపల్లిలో, మా ఇంటి ముందు గదిలో పదకొండేళ్ళు ట్యూషన్లు చెప్పాను. అందరూ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో తమిళం. నా దగ్గరికి వచ్చేసరికి ఏ భాషలో ఏడవాలో వాళ్ళకే తెలిసేది కాదు. నాకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. ఏడు ఎనిమిదులు ఎంత అని అడిగితే బోర్డు దగ్గర నిలబడి నీళ్ళు నమిలేవాళ్ళు. యాభై నాలుగు అంటే నా కనుబొమలు ముడిపడేవి. యాభై అయిదు అంటే ఇంకా ముడిపడేవి. యాభై ఆరు అనగానే నా తల దానంతటదే ఊగేది. పిల్లకు లెక్క వచ్చిందని నేనూ, నాకు కోపం తగ్గిందని పిల్లా, ఇద్దరం సంతోషపడేవాళ్ళం.

దూరవిద్యలో సైకాలజీ చదివి, ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో ట్యూషన్లు మానేసి, హోసూరులో ఒక శిక్షణ సంస్థలో చేరాను. రెండేళ్ళ చదువు. మనుషుల మనసుకు పరీక్షలు ఎలా పెట్టాలో, వాళ్ళు చెప్పేది ఎలా వినాలో నేర్పుతారు. నా బ్యాచ్‌లో అందరూ ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ పిల్లలు. మొదటి రోజు ఒకమ్మాయి నన్ను ఆంటీ అనబోయి, నా మొహం చూసి అక్కా అంది. బతికిపోయింది.

మాకు నేర్పే మేడమ్‌ది తమిళం. తెల్లజుట్టు, సన్నటి గొంతు, ఎవరినీ ఒక్క మాట ఎక్కువ అనదు. మొదటి వారమే ఆమె చెప్పిన పాఠం ఇది. పరీక్ష గదిలో పిల్లవాడు ఒప్పు చెప్పినా సరే అనాలి, తప్పు చెప్పినా అదే గొంతుతో సరే అనాలి. ముఖం గోడలా ఉండాలి. నవ్వు పలకరింపుకే గాని జవాబుకు కాదు. "ఇది అన్నిటికంటే తేలిక అనుకుంటారు. రెండేళ్ళ తర్వాత కూడా కొందరికి రాదు," అంది. నేను నోట్సులో రాసుకుని కింద గీత కూడా గీశాను. వచ్చేసిందనే అనుకున్నాను.

నెలకోసారి మమ్మల్ని కృష్ణగిరికి తీసుకుపోయేవాళ్ళు. బుద్ధిమాంద్యం ఉందని సర్టిఫికెట్ కావలసిన పిల్లలకు అక్కడ మేం పరీక్షలు పెట్టి రిపోర్టు రాస్తే, దాన్ని చూసి డాక్టర్లు సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు. డెంకణికోట, ఉద్దనపల్లి వైపునుంచి వచ్చే తెలుగువాళ్ళు ఎక్కువ. వాళ్ళందరినీ నాకే అప్పగించేవాళ్ళు. "అక్కది మీ భాషే," అని వాళ్ళకు చెబుతుంటే నాకు గర్వంగానే ఉండేది.

ఆ పాప అట్లా వచ్చిందే. డెంకణికోటకు అవతల, అడవి అంచున ఉన్న ఊరు. తండ్రి గొర్రెలు మేపుతాడు. తల్లికి ముప్పై కూడా ఉండవు, గులాబీలు పెంచే షెడ్డులో కూలిపని. పాప నా గదిలోకి రాగానే చేతిలో ఉన్న పెన్ను లాక్కుని, వాసన చూసి, మళ్ళీ నా చేతిలోనే పెట్టింది. తల్లిని కూర్చోమని, ఇంట్లో ఎట్లా ఉంటుందని అడిగాను.

"ఏం చెప్పేది మా," అంది ఆ తల్లి. "ఏనుగల సద్దు ఇనిపిస్తే చాలు, లేసి ఆ పక్కకే పోతాది. బయం అనేదే తెలీదు ఈ బిడ్డకు. రెండుతూర్లు మా ఊరోళ్ళు రాగి చేన్లో పట్టుకోని తెచ్చినారు. నేను పనికి పోవాల, వాళ్ళ నాయన గొర్రెలు తోలుకోని పోవాల. ఇంగేం చేసేది? లోపల పెట్టి బయట గొళ్ళెం ఏసి పోతా ఉండాను. పొద్దున పోతే మళ్ళా సాయంత్రమే తీసేది."

ఆ మాట చెబుతూ ఆమె తల ఎత్తలేదు.

ఊరి బడిలో కూర్చోదు, లేచి పోతుంది. హోసూరులో ఇట్లాంటి పిల్లల కోసమే పగటి బడి ఒకటి ఉంది. వ్యాను ఇంటి దాకా వచ్చి తీసుకుపోతుంది, సాయంత్రం తెచ్చి దింపుతుంది. కానీ సర్టిఫికెట్ ఉన్న పిల్లలనే చేర్చుకుంటారు. సర్టిఫికెట్ రావాలంటే నా రిపోర్టులో తెలివి లెక్క డెబ్బైకి లోపల ఉండాలి. ఇదంతా ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. పాప గొళ్ళెం అవతలకు రావాలంటే ఈ పరీక్షలో తప్పాలి.

పరీక్ష గంటన్నర పట్టింది. వరసగా నాలుగు బొమ్మలు చూపించి, అందులో వేరుగా ఉన్నది ఏదో వేలితో చూపమనాలి. చెక్క పలకలో పది గుంటలుంటాయి, గుండ్రం, చతురస్రం, నక్షత్రం అట్లా. పది చెక్క ముక్కలు ఎదురుగా పెట్టి, దేని గుంటలో అది పెట్టమని స్టాప్‌వాచ్ నొక్కాలి. పాప నవ్వుతూ, నా మొహంలోకి చూస్తూ అన్నీ చేసింది. నాకు ఆ పాప బాగా నచ్చింది. లెక్క కట్టి చూస్తే డెబ్బై మూడు వచ్చింది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు సంతోషం వేసింది. నా ట్యూషన్ పిల్ల పాసైనట్టే అనిపించింది.

మేడమ్ అంకెలు సరిచూసి సంతకం పెట్టింది, కింద నేనూ పెట్టాను. ఆ మధ్యాహ్నమే తల్లికి చెప్పాను. కొంచెం వెనకబడింది గానీ, సర్టిఫికెట్ ఇచ్చేంత లోపం లేదని. ఆమెకు ముందు అర్థం కాలేదు.

"అంటే నా బిడ్డకు ఏం లేదా మా?"

"అంత ఏం లేదమ్మా."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది. "మా అత్త ముందర చెప్పాల మా ఇది. పుట్టినప్పటి నుంచి పిచ్చిది, పిచ్చిది అంటా ఉండాది." తర్వాత నెమ్మదిగా గుర్తొచ్చినట్టుంది. "మరి ఆ వ్యాను మా?"

"వ్యాను రాదమ్మా. సర్టిఫికెట్ ఉంటేనే."

ఆమె రిపోర్టు జాగ్రత్తగా సంచిలో పెట్టుకుని, బిడ్డ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

మా పరీక్షలన్నీ వీడియో తీస్తారు. మేం మళ్ళీ చూసుకుని నేర్చుకోవడానికే అది. చివరి పరీక్షకు పదకొండు కేసులు రాసి ఇవ్వాలి, అందులో ఈ పాపది ఒకటి పెట్టుకుందామని మూడు వారాల తర్వాత ఒక ఆదివారం లాప్‌టాప్ తెరిచాను. పక్క గదిలో మా ఆయన టీవీ మోగిస్తున్నాడు, నా హెడ్‌ఫోన్ పాడైంది. సరే పోనీ అని మాట లేకుండానే చూశాను. మాట వింటూ చూసి ఉంటే నాకు ఏమీ కనిపించి ఉండేది కాదేమో. నా గొంతు మాత్రం మేడమ్ చెప్పినట్టే ఉండి ఉంటుంది.

పాప వేలు మొదటి బొమ్మ మీదికి వచ్చింది. పాప కళ్ళు బొమ్మ మీద లేవు, నా మొహం మీద ఉన్నాయి. వేలు రెండో బొమ్మ మీదికి పోయింది. నా కనుబొమలు ముడిపడ్డాయి. మూడో బొమ్మ మీదికి పోయింది. నా తల ఊగింది. వేలు అక్కడ ఆగింది.

వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. పన్నెండు బొమ్మల వరసల్లో తొమ్మిది ఇట్లాగే చేసింది. చెక్క ముక్కల దగ్గరైతే ఒక్కో ముక్కను గాల్లో పట్టుకుని, గుంటల మీద తిప్పుతూ, నన్నే చూస్తోంది. నేను స్టాప్‌వాచ్ చేతిలో పెట్టుకుని, గంగిరెద్దులా తలాడిస్తున్నాను. ఛీ, నా మొహం మండ! పదకొండేళ్ళ అలవాటు నా మెడలో కూర్చుంది, నాకే తెలియకుండా.

మిగతా పది కేసుల వీడియోలు కూడా తెరిచాను. అన్నిట్లోనూ నా తల ఊగుతూనే ఉంది. కొందరు పిల్లలు నన్ను అసలు చూడలేదు, కొందరు చూశారు. ఎవరికి ఎంత సాయమైందో దేవుడికే తెలియాలి.

మా ఆయనకు చెప్పాను. ఆయన మోటారు విడిభాగాల ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు, అనవసరంగా ఒక బోల్టు కూడా తిప్పే మనిషి కాదు. "ఎవురు చూసినారు దాన్ని? మీ మేడమ్ చూసిందా? లేదు కదా? సుమ్నే, నోరెత్తకుండా ఉండు. రెండేండ్లు బస్సుల్లో తిరిగి తిరిగి నడుం పోయింది నీకు. ఇంగ రెండు నెలలుండాది. నీ చేతులారా పాడు చేసుకుంటావా?" అన్నాడు. టీవీ గొంతు తగ్గించి, మళ్ళీ అన్నాడు, "వీడియో తీసేయ్. పోయింది అను."

నేను తీసేయలేదు, మేడమ్‌కు చెప్పనూ లేదు. కక్కలేక మింగలేక నాలుగు వారాలు గడిపాను. ఒప్పుకుంటే నా పదకొండు కేసులూ పోతాయి, చదువు పోతుంది, నలభై ఏళ్ళ వయసులో మళ్ళీ ముందు గదిలో బోర్డు తగిలించుకోవాలి. ఒప్పుకోకపోతే ఆ ఇంటి తలుపు మూసే ఉంటుంది. హోసూరు నుంచి కృష్ణగిరి పోయే బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా నాకు ఊపిరి ఆడేది కాదు. దిగి, బస్‌స్టాండులో నిలబడి, మంచినీళ్ళు తాగి, ఎదుటివాళ్ళ బాధలు వినడానికి లోపలికి పోయేదాన్ని.

మా చదువులో ఇంకో నియమం ఉంది. ఎదుటివాళ్ళ మనసు చూసేవాళ్ళు తమ మనసు కూడా ఒకరికి చూపించాలని, వారానికి ఒక గంట మేమూ ఒక పెద్దాయన ఎదుట కూర్చుని మాట్లాడాలి. మనసు విశ్లేషణ నేర్చుకున్నాయన, ఏమీ అడగడు, వింటాడు. ఆ నాలుగు వారాలూ మా అత్తగారి గురించి, మోకాలి నొప్పి గురించి, హోసూరు ట్రాఫిక్ గురించి ఆయనకు చెప్పాను. నాలుగో వారం లేవబోతుంటే, "ఈ మధ్య మీరు నా మొహం బాగా చూస్తున్నారు," అన్నాడు. చెప్పుతో కొట్టినట్టయింది. అయినా నమస్కారం పెట్టి వచ్చేశాను.

అప్పుడు వచ్చింది ఆ తల్లి ఫోను. రిపోర్టు మీద ఉన్న నంబరు చూసి, సంస్థకు చేసి, నన్నే అడిగింది. సంతోషంగా ఉంది గొంతు.

"నువ్వు చెప్పినావే మా, బిడ్డకు తెలివి ఉండాదని. నిజమే మా! నిన్న తలుపు సందులో చెయ్యి దూర్చి గొళ్ళెం తీసుకునింది. ఎట్ల తీసిందో నాకే తెలీదు."

"అయ్యో, తర్వాత?" అన్నాను.

"ఏం కాలేదు మా, చెరువు దగ్గర దొరికింది. ఇంగ గొళ్ళేనికి లొంగేదానిలా లేదులే. బీగం ఏసి పోతా ఉండాను ఇప్పుడు." నవ్వింది. "తెలివైన బిడ్డ కదా, బీగమే ఏయాల."

ఫోను పెట్టేశాను. గొళ్ళెం ఉన్న చోట తాళం పడింది, ఆ తాళం వేసింది నేను. లాప్‌టాప్ తీసుకుని నేరుగా మేడమ్ గదికి పోయాను. తలుపు తట్టను కూడా తట్టలేదు.

ఆమె మొత్తం చూసింది, శబ్దం లేకుండానే. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. నేను ఆమె మొహం చూస్తూ కూర్చున్నాను, అందులో ఏమీ కనిపించలేదు. అయిపోయాక అడిగింది.

"మిగతావి?"

"అన్నిట్లోనూ ఉంది మేడమ్. పదకొండూ."

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పదకొండు కేసులూ రద్దు. పిల్లలందరికీ వేరేవాళ్ళు, వేరే పరీక్షతో మళ్ళీ చూస్తారు. డాక్టర్లకు తానే ఉత్తరం రాస్తుంది. సంతకం పెట్టే ముందు వీడియో చూడకపోవడం తన తప్పని, అదీ ఆ ఉత్తరంలో రాస్తానంది. నాకు ఇంకో ఆరు నెలలు, మళ్ళీ మొదటినుంచి. ఇదంతా బస్సు టైములు చెప్పినట్టు చెప్పింది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. తప్పు నాదే, కోపం మాత్రం ఆమె మీద.

"మేడమ్, ఎదుటి మనిషి మొహం చూసి ఇంత పట్టుకుంది కదా ఆ పిల్ల! గంటన్నరలో నా మెడను చదివేసింది. నేను నలభై ఏళ్ళకు కూడా చదువుకోలేదు. అది తెలివి కాదా? దానికి మార్కులు లేవా?" అని అరిచినంత పని చేశాను.

ఆమె నన్ను మొదటిసారి కొంచెం మెత్తగా చూసింది. "ఉంది. దానికి మార్కులు వేసే పరీక్ష నా దగ్గర లేదు. వ్యాను ఉన్న బడి ఒకటి ఉంది. నీకేం కావాలి?"

నేను లాప్‌టాప్ మూశాను. "ఆ పాపకు మళ్ళీ పరీక్ష పెట్టేటప్పుడు నువ్వు అద్దం వెనక కూర్చుని చూస్తావు. అది కూడా చదువే," అంది.

పది రోజులకు తల్లిని, పాపను హోసూరుకు పిలిపించారు. మా సంస్థలో ఒక గదికి అద్దం ఉంటుంది, వెనకనుంచి మనకు వాళ్ళు కనిపిస్తారు, వాళ్ళకు మనం కనిపించం. ఆ వెనక గది మంచం పట్టేంత కూడా ఉండదు, ఫ్యాను లేదు. పరీక్ష పెట్టింది నా బ్యాచ్ అబ్బాయి, తెలుగు బాగా వచ్చినవాడు. పాపను బాగానే నవ్వించాడు, పరీక్ష మొదలు కాగానే మొహం గోడ చేసుకున్నాడు. వాడికి నా మీద అసూయ పుట్టేంత బాగా వచ్చింది ఆ విద్య.

పాప వేలు మొదటి బొమ్మ మీద పెట్టి అతని మొహం చూసింది. ఏమీ లేదు. రెండో దాని మీద పెట్టి చూసింది. మూడు, నాలుగు. మళ్ళీ ఒకటి. కింద నుంచి వంగి అతని గడ్డం వైపు చూసింది, ఏమైనా దాచాడేమో అన్నట్టు. "నీకు ఏది అనిపిస్తే అది చూపించు పాపా," అన్నాడు అతను. ఏదో ఒకటి చూపించింది. "సరే," అన్నాడు. మళ్ళీ చూపించింది. "సరే."

అద్దం వెనక నేను రెండు చేతులతో నా దవడలు పట్టుకుని కూర్చున్నాను. ఆ పాప తప్పాలి. తప్పితేనే బీగం తీస్తారు. తప్పిన ప్రతిసారీ నా గుండె ఒక మెట్టు దిగింది, లోపల ఇంకెవరో హమ్మయ్య అన్నారు. ఆ ఇద్దరూ నేనే. లేచి బయటికి పోదామంటే తలుపు శబ్దం గదిలోకి వినిపిస్తుంది, పరీక్ష పాడవుతుంది. పోవడానికి లేదు, ఉండడానికి లేదు. అరగంట తర్వాత పాప అతని మొహం చూడడం మానేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, బల్ల అంచు చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత ఏది అడిగినా చెయ్యి ఎత్తలేదు.

లెక్క అరవైకి లోపలే వచ్చింది. రెండు వారాల్లో కృష్ణగిరిలో సర్టిఫికెట్ ఇచ్చారు. వచ్చే సోమవారం నుంచి వ్యాను వస్తుందని బడివాళ్ళు చెప్పారు.

సర్టిఫికెట్ తీసుకున్న రోజే ఆ తల్లిని వరండాలో నిలబెట్టి జరిగింది చెప్పాను. నేను తల ఊపానని, తప్పు నాదని. మేడమ్ నాకు ఇంకో పని కూడా చెప్పింది. పాత రిపోర్టు వెనక్కి తీసుకోవాలి, ఒకే బిడ్డ మీద రెండు రిపోర్టులు ఉండకూడదు.

ఆమె చివరిదాకా విన్నది. తర్వాత సంచిలోంచి పాత రిపోర్టు తీసింది. మందపాటి ప్లాస్టిక్ కవరులో పెట్టి ఉంది, ఒక్క మడత లేదు.

"మా అత్తకు చూపిచ్చినాను మా. ఇంటికొచ్చినోళ్ళందరికీ చూపిచ్చినాను. ఇది అబద్దమా?"

"తప్పు నాదమ్మా. పాపది కాదు."

"బడికి ఆ కాగితం ఇస్తాను. ఇది ఇంట్లో పెట్టుకుంటాను. ఎవురికీ చూపీను. కూడదా మా?"

"కూడదమ్మా," అన్నాను.

ఆమె కవరులోంచి రిపోర్టు బయటికి లాగి, నా చేతిలో పెట్టింది. "ఇంద మా, నీ కాగితం," అంది. ఖాళీ కవరును మళ్ళీ సంచిలో దాచుకుంది. ఆ రోజు వచ్చిన సర్టిఫికెట్‌ను మాత్రం అందులో పెట్టలేదు. నాలుగు మడతలు వేసి జాకెట్లో దోపుకుని, పాపను పిలిచి, బస్సుకు పోయింది.